దెయ్యం ఏ భాషలో మాట్లాడుతుంది?

సినిమా దెయ్యాల మీద మనవాళ్లు రాసే వ్యాసాలు ఎక్కువభాగం ముఖం చుట్టూ తిరుగుతాయి. కోరలు ఎంత పొడుగున పెట్టారు, జుట్టు ఎట్లా విరబోశారు, కంటిపాపలు ఏ రంగులో మెరిశాయి, గ్రాఫిక్స్‌కు ఎన్ని నెలలు పట్టింది - ఇవే లెక్కలు. నాకు మొదటినుంచీ వేరే సందేహం. ఆ దెయ్యం నోరు తెరిస్తే ఏ భాష మాట్లాడుతుంది? ఎవరి యాస పలుకుతుంది? ఎవరి గొంతు అరువు తెచ్చుకుంటుంది?

ఇది సరదా ప్రశ్నలాగా కనిపించవచ్చు. బీదరులో బతికే తెలుగువాడికి మాత్రం సరదా కాదు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో కన్నడం, వియ్యాలవారితో మరాఠీ - ఒక్క రోజులో నాలుగు భాషలు మార్చేవాళ్లం మనం. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాదు, నారాయణఖేడు మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఉద్గీరు, అహ్మద్‌పూరు, నిలంగా అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. బీదరు, భాల్కి, హుమ్నాబాదు మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. గీత అటు పడింది, మనం ఇటు ఉన్నాం. అప్పటినుంచి ఇక్కడ మనది పక్కింటి భాష. పక్కింటి భాషకూ తెరమీది దెయ్యానికీ ఒక చుట్టరికం ఉంది. దాన్ని బయటపెట్టడమే ఈ వ్యాసం పని.

*

ముందు ముఖం సంగతి ముగిద్దాం. దెయ్యాన్ని తెరమీద చూపించడం సినిమా పుట్టిన కొత్తలోనే సాధ్యమైంది. 1896లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ ఒక చిన్న చిత్రంలో గబ్బిలాన్ని సైతానుగా మార్చి చూపించాడు. కెమెరాను కదలకుండా నిలబెట్టాడు. నడుస్తున్న యంత్రాన్ని ఆపాడు. గబ్బిలం బొమ్మను తీసేసి అదే చోట నటుణ్ణి నిలబెట్టి మళ్లీ తిప్పాడు. అంతే. నీడలాంటి దెయ్యం కావాలంటే మరో ఉపాయం. ముందు ఇంటిని చిత్రీకరిస్తారు. ఫిలింను వెనక్కి చుట్టి, దాని మీదనే నల్లగుడ్డ ముందు నిలబెట్టిన నటిని మళ్లీ చిత్రీకరిస్తారు. నలుపు ఫిలిం మీద గుర్తు పెట్టదు కాబట్టి నటి ఒక్కతే గోడలోంచి నడిచి వచ్చినట్టు ఉంటుంది. బీదరువాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. బిద్రీ పాత్ర మీద వెండి అంత వెలగడానికి కారణం దాని చుట్టూ ఉన్న నలుపు. కోట మట్టితో ఆ నలుపు తెప్పించే పనివాడికీ, నల్లగుడ్డ కట్టించే ఛాయాగ్రాహకుడికీ తెలిసిన రహస్యం ఒకటే.

ఈ విద్యను తెలుగులో ఊరూరికీ చేర్చినవాడు బి. విఠలాచార్య. ఆయన మన కర్ణాటకవాడు. 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టాడు. టూరింగ్ టాకీసు నడిపాడు. మైసూరులో డి. శంకర్‌సింగ్‌తో కలిసి మహాత్మా పిక్చర్స్ స్థాపించి కన్నడ చిత్రాలు తీశాడు. 1951లో ఆ సంస్థ కన్నడంలో తీసిన విజయవంతమైన చిత్రం పేరు 'జగన్మోహిని'. తర్వాత మద్రాసు చేరి తెలుగు జానపదాల్లో స్థిరపడ్డాడు. 'బందిపోటు' 1963లో వచ్చింది, 'అగ్గిపిడుగు' 1964లో, 'జ్వాలాద్వీప రహస్యం' 1965లో, 'గండికోట రహస్యం' 1969లో. 1978లో పాత కన్నడ చిత్రం పేరునే పెట్టి తెలుగు 'జగన్మోహిని' తీశాడు. 1999లో కన్నుమూశాడు. జనం ఆయనను ఇప్పటికీ 'జానపద బ్రహ్మ' అనే తలుచుకుంటారు.

విమర్శకులు ఆయనను పెద్దగా పట్టించుకోలేదు. అట్టముక్కల గుహలు, దూది గడ్డాలు, తీగలకు వేలాడే పుర్రెలు అని నవ్వి వదిలేశారు. కానీ 'జగన్మోహిని'లో అందరికీ గుర్తున్న దృశ్యం ఏది? పొయ్యిలో కట్టెలకు బదులు దెయ్యం తన కాళ్లనే పెట్టి వంట చేస్తుంది. ఆ దృశ్యంలో భయం కంటే ఇల్లు ఎక్కువగా కనిపిస్తుంది. పొయ్యి, వంట, ఎసరు, ఇంటి ఆడవాళ్ల చాకిరీ - అన్నీ ఉన్నాయి. ఆ దెయ్యం మాట్లాడేది కోడలి తెలుగు. గుమ్మం దాటి వచ్చిన మోహిని పక్కింటి పిన్ని పలకరించినట్టే పలకరిస్తుంది. ఉడుపి వైపు నుంచి వచ్చిన మనిషి మన దెయ్యాలకు మన ఇంటి భాషనే ఇచ్చాడు. తాను పరాయివాడై ఉండి కూడా దెయ్యాన్ని పరాయిదాన్ని చేయలేదు. ఆయన చిత్రాలు చూసిన పిల్లలు భయపడ్డారు, ఆ వెంటనే నవ్వారు. దెయ్యం వేరే జాతిది అనే అనుమానం మాత్రం వాళ్లకు రాలేదు. అది ఆయన సాధించిన విషయం. దానికి తగిన విలువ మనం ఇంకా కట్టలేదు.

*

విఠలాచార్య కంటే ముందే విజయా సంస్థ రెండు దారులు చూపించింది. ఒకటి 'పాతాళభైరవి', 1951. రెండోది 'మాయాబజార్', 1957. రెంటికీ దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లీ. రెంటిలోనూ అతీత శక్తులున్న పాత్ర ధరించింది ఎస్.వి. రంగారావే. కాబట్టి ఈ పోలిక చేయడం తేలిక.

'పాతాళభైరవి'లో మాంత్రికుడికి సొంత పేరు కూడా లేదు. అతను నేపాళ మాంత్రికుడు, అంతే. అంటే ఊరే పేరు. ఉజ్జయినిలో అందరూ ఒక తీరుగా మాట్లాడుతుంటే అతనొక్కడు డింగరీ, డింభకా అంటూ వింత తెలుగు పలుకుతాడు. ఆ పలుకు జనానికి ఎంత నచ్చిందంటే కథానాయకుడి మాటల కంటే మాంత్రికుడి మాటలే ఇళ్లల్లో మిగిలిపోయాయి. అయినా సూత్రం ఒకటి స్థిరపడింది: క్షుద్రవిద్య వేరే దేశం నుంచి వస్తుంది, వచ్చేటప్పుడు వేరే యాసతో వస్తుంది. మన ఊళ్లలో పెద్దలు చేతబడి మాట వస్తే 'మలయాళ మాంత్రికుడు' అనేవారు కదా, అదీ ఇదే కోవ.

'మాయాబజార్'లో సంగతి తిరగబడింది. అక్కడ రాక్షసుడే మనవాడు. ఘటోత్కచుడి ఆశ్రమంలో చినమయ్య శిష్యులకు పాఠం చెబుతుంటాడు. సంస్కృత పదాలు వాళ్ల నాలుకకు ఎక్కవు. అస్మదీయులు అనడం రాక 'అసమదీయులు' అంటారు. దానికి జోడీగా 'తసమదీయులు' అనే మాటను ఒకడు సొంతంగా పుట్టిస్తాడు. ఘటోత్కచుడు కోప్పడడు. మాటలు ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎట్లా పుడతాయని సమర్థించి, వాడికి వీరతాళ్లు వేయిస్తాడు. ఈ దృశ్యం చూసి అరవై ఏళ్లకు పైగా నవ్వుతున్నాం. దీని లోతు మాత్రం మనలాంటి అల్పసంఖ్యాకులకే తెలుస్తుందని నా ఉద్దేశం. పెద్దల భాష నోరు తిరగనివాడు చేసిన తప్పును కొత్త మాటగా అంగీకరించిన రాజు అక్కడ ఉన్నాడు. ఆ రాజు రాక్షసుడు. పింగళివారు ఆ తీర్పును రాక్షసుడి నోటనే ఎందుకు చెప్పించారో ఆలోచించాలి.

*

ఇది మన ఒక్కరి కథే కాదు. నెత్తురు తాగే దెయ్యాలకు పెద్దదిక్కైన డ్రాకులానే తీసుకోండి. బ్రామ్ స్టోకర్ నవల 1897లో వచ్చింది. ట్రాన్సిల్వేనియా కోటలో కూర్చుని ఆ ప్రభువు పుస్తకాలతో ఇంగ్లీషు నేర్చుకుంటాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన అతిథితో ఒక కోరిక చెప్పుకుంటాడు. వ్యాకరణం వచ్చు, మాటలు వచ్చు, కానీ లండనులో నోరు తెరిస్తే పరాయివాడని పట్టేస్తారు. అట్లా పట్టుబడకుండా నలుగురిలో ఒకడిలా వినిపించాలి, దానికి నువ్వు నా ఉచ్చారణ దిద్దాలి అని. రక్తదాహం సంగతి తర్వాత, ముందు ఆయన బాధ యాస! వలస పోయిన ప్రతివాడికీ తెలిసిన బాధ అది.

సినిమా ఆ బాధను తిరగేసి వాడుకుంది. 1922లో జర్మనీలో ముర్నౌ తీసిన 'నోస్ఫెరాటు' మూకీ కాబట్టి అందులో భయమంతా గోళ్లలో, నీడలో ఉంది. 1931లో టాకీ డ్రాకులా వచ్చింది. వేషం వేసిన బేలా లుగోసి హంగేరీవాడు. అతని పేరులోని లుగోస్ అతను పుట్టిన ఊరు. నేడది రొమేనియాలో ఉంది. అమెరికా చేరిన కొత్తల్లో ఇంగ్లీషు సంభాషణలను శబ్దాలుగా బట్టీ పట్టి చెప్పేవాడని అంటారు. ఆ నెమ్మది, ఆ సాగదీత, ఆ విరుపు ప్రపంచానికి రక్తపిశాచి భాష అయిపోయాయి. లుగోసికి అది పుట్టుకతో వచ్చిన యాస. ప్రేక్షకులకు అది పిశాచపు యాస. ఆ తర్వాత ఆయన ఎన్ని వేషాలు వేసినా ఆ ముద్ర పోలేదు.

ఫ్రాంకెన్‌స్టైన్ కథ ఇంకా విచిత్రం. మేరీ షెల్లీ 1818లో రాసిన నవలలో ఆ భూతానికి పేరు లేదు, భాష మాత్రం ఉంది. ఒక పేద కుటుంబం ఇంటి పక్కన దాక్కుని, గోడ సందులోంచి చూస్తూ, ఆ ఇంటివాళ్లు ఒక పరదేశపు అమ్మాయికి తమ భాష నేర్పుతుంటే తానూ విని నేర్చుకుంటుంది. చక్కగా వాదిస్తుంది. నన్ను పుట్టించి ఎందుకు వదిలేశావని నిలదీస్తుంది. 1931 సినిమా ఆ భాషనంతా పీకేసింది. బోరిస్ కార్లాఫ్ చేసిన భూతం మూలుగుతుంది, గుర్రుమంటుంది, అంతే. మాట్లాడే భూతం మీద జాలి కలుగుతుంది. మూగభూతాన్ని తరిమి తరిమి తగలబెట్టవచ్చు. భూతాన్ని భయంకరం చేయడానికి సినిమాకు తెలిసిన ఉపాయాలు ఈ రెండే: దానికి పరాయి యాస ఇవ్వడం, లేదా అసలు భాషే లేకుండా చేయడం.

*

ఇక మన దక్షిణాదిలో ఈ ఉపాయం ఎంత దూరం పోయిందో చూడాలి. 1993లో ఫాజిల్ దర్శకత్వంలో మలయాళంలో 'మణిచిత్రతాళు' వచ్చింది. మధు ముట్టం రచన. పాతకాలపు ఇంట్లో చంపబడిన నర్తకి నాగవల్లి తంజావూరు నుంచి తెచ్చిన మనిషి. ఆమె ఆవహించిందని అనుకునే గంగ మామూలు వేళల్లో మలయాళం, ఆవేశం వచ్చినప్పుడు తమిళం మాట్లాడుతుంది. శోభన నటనకు జాతీయ పురస్కారం వచ్చింది. గొంతులు మాత్రం వేరే ఇద్దరివి. మలయాళానికి భాగ్యలక్ష్మి, నాగవల్లి తమిళానికి దుర్గ. ముఖం ఒకటే, అది మారలేదు. గొంతు మారింది, భాష మారింది. దెయ్యం పుట్టింది.

ఈ కథను ఎవరు తీసుకున్నా దెయ్యాన్ని తమ భాషలో మాట్లాడించలేదు. 2004లో పి. వాసు కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీసినప్పుడు నాగవల్లి తెలుగు నర్తకి అయింది. 2005లో తమిళంలో 'చంద్రముఖి'గా తీసినప్పుడూ ఆమె తెలుగుదే. తమిళ చిత్రంలో ఆమె పాట తెలుగులోనే ఉంది. ఆ చిత్రం మన తెలుగులోకి డబ్ అయ్యేసరికి అదే నర్తకి తమిళంలో పాడింది. 2007లో హిందీ 'భూల్ భులయ్యా' వచ్చేసరికి మంజులిక అనే బెంగాలీ నర్తకి అయింది. వరుసగా పెట్టి చూడండి. మలయాళీకి తమిళ దెయ్యం, కన్నడిగుడికి తెలుగు దెయ్యం, తమిళుడికి తెలుగు దెయ్యం, తెలుగువాడికి తమిళ దెయ్యం, హిందీవాడికి బెంగాలీ దెయ్యం. నేల మారింది, ఇల్లు మారింది, సంగీతం మారింది. మారని నియమం ఒకటే - దెయ్యం పొరుగువాళ్ల పిల్ల కావాలి.

'ఆప్తమిత్ర' దగ్గర కొంచెం ఆగుదాం. అందులో గంగగా నటించిన సౌందర్య కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతం పిల్ల. ఆ వైపున తెలుగు, కన్నడం ఒకే వీధిలో తిరుగుతాయి. తెలుగులో ఎంత పెద్ద తార అయిందో మనకు తెలుసు. 1995లో 'అమ్మోరు'లో దేవత కాపాడిన భక్తురాలు ఆమే. 2004 ఏప్రిల్ 17న బెంగుళూరు దగ్గర విమాన ప్రమాదంలో పోయింది. అదే ఏడు ఆగస్టులో 'ఆప్తమిత్ర' విడుదలైంది. పోయిన మనిషి తెరమీద దెయ్యం పట్టినదానిలా ఆడుతుంటే జనం ఏ మనసుతో చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆమె నటన గొప్పది, అందులో రెండో మాట లేదు. కన్నడం నుంచి తెలుగుకు తిరిగే క్షణంలో ముఖానికి ఏ రంగూ పూయకుండానే మనిషి మారిపోతుంది. అంత హాయిగా రెండు భాషల మధ్య నడవగలిగింది కాబట్టే ఆ పాత్ర అంత బాగా వచ్చింది.

నా పేచీ కథతో. కథ ప్రకారం గంగకు మనోవ్యాధి. ఆ వ్యాధికి పెద్ద గుర్తు ఏమిటి? ఆమె నోట తెలుగు రావడం. ఎక్కడ నేర్చుకుందో తెలియని భాషను ఆమె ధారాళంగా మాట్లాడేసరికి భర్త గుండె జారుతుంది, వైద్యుడు రోగం తేల్చేస్తాడు. చివర చికిత్స ఫలించిందని మనకు ఎట్లా తెలుస్తుంది? ఆమె మళ్లీ కన్నడం మాత్రమే మాట్లాడుతుంది. తెలుగు పోయింది, జబ్బు నయమైంది. కన్నడ ప్రేక్షకుడికి ఇందులో తప్పు కనబడకపోవచ్చు. ఆయనను నేను తప్పు పట్టను. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే పిల్లవాడు ఆ సినిమా చూస్తే ఏమనుకుంటాడు? ఒకే నోట రెండు భాషలుండటం అతనికి అన్నం తినడమంత మామూలు. తెర మాత్రం అది లక్షణం కాదు, రోగలక్షణం అంటున్నది.

మన ఇళ్లల్లో అంత నాటకం లేదు గానీ, జరిగేది అదే. బడికి పోయే పిల్లలు స్నేహితుల ముందు అమ్మ తెలుగులో పిలిస్తే కన్నడంలో జవాబిస్తారు. తలుపు మూసుకున్నాకే తెలుగు బయటికి వస్తుంది. మూసిన గదిలో, రాత్రిపూట, ముసలివాళ్లతో మాత్రమే మాట్లాడే భాష ఎవరి భాష అవుతుందో వేరే చెప్పాలా?

*

అయితే దీన్ని కన్నడం మీద ఫిర్యాదుగా చదవవద్దని నా మనవి. తెలుగు సినిమా ఈ పని ఇంకా ఎక్కువగా చేసింది, తనవాళ్లకే చేసింది. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు చేసిన కాశయ్య గుర్తున్నాడా? నటన అద్భుతం. ఆ దుర్మార్గుడి నోట పెట్టింది తెలంగాణ యాస. ఆ తర్వాత ఏళ్ల తరబడి రౌడీకి, తాగుబోతుకు, నవ్వించేవాడికి ఆ యాసే దిక్కైంది. మన బీదరు తెలుగు ఆ యాసకు తోబుట్టువు. ఉర్దూ, కన్నడం, మరాఠీ కలిసిన మాట. అంటే కన్నడ సినిమా మన భాషను దెయ్యానికి ఇవ్వడానికి ఎంతో ముందే తెలుగు సినిమా మన యాసను దుష్టుడికి ఇచ్చేసింది. మనం అటూ దెయ్యాలమే, ఇటూ రాక్షసులమే.

2009లో కోడి రామకృష్ణ 'అరుంధతి' తీశారు. శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మించారు. గ్రాఫిక్స్ గురించి ఊరంతా చెప్పుకున్నారు. నన్నడిగితే ఆ చిత్రాన్ని నిలబెట్టింది ఒక గొంతు. పశుపతి ముఖం సోనూ సూద్ అనే పంజాబీ నటుడిది. గొంతు పి. రవిశంకర్‌ది. ఆ పిశాచం 'బొమ్మాళీ' అని పిలిచిన పిలుపు ఎంత పాకిందంటే రవిశంకర్ ఇంటిపేరే 'బొమ్మాళి' అయిపోయింది. ఇదే రవిశంకర్ 2011లో కన్నడ 'కెంపేగౌడ'లో ఆర్ముగం అనే ప్రతినాయకుడై కన్నడ జనాన్ని హడలెత్తించాడు. తెలుగు నటుడు, కన్నడ మాటలు, దుష్టుడి పేరు తమిళం! 'అరుంధతి'గా పిశాచాన్ని గెలిచిన అనుష్క మంగళూరు వైపు తుళు పిల్ల. మన దెయ్యాల పరిశ్రమ ఇట్లా నాలుగు భాషల మనుషుల చేతుల మీదుగా నడుస్తున్నది. వెనక పనిచేసే మనుషుల్లో ఉన్న ఆ కలివిడితనం తెరమీది కథలో ఎందుకు లేదు?

2022లో వచ్చిన 'మసూద' ఈ విషయంలో ఒక మెట్టు మెరుగు. దెయ్యం ముస్లిం ఇంటి ఆడమనిషి, నల్ల బురఖా రూపంలో కనిపిస్తుంది. ఇది పాత దారే, పొరుగువాళ్ల మనిషే దెయ్యం. కానీ దాన్ని వదిలించడానికి వచ్చే బాబా కూడా ఆ పొరుగు నుంచే వస్తాడు. భయం వచ్చిన ఇంటినుంచే మందు కూడా రావడం కొంత న్యాయం.

*

బుల్లితెర సంగతి ఒక్కమాట. కన్నడ పరిశ్రమ 1960ల్లో మొదలుపెట్టిన డబ్బింగ్ వ్యతిరేకత దశాబ్దాల పాటు కట్టుబాటుగా సాగింది. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ కట్టుబాటు చట్టవిరుద్ధమని తేల్చింది. అంతకుముందు తెలుగు చిత్రం కర్ణాటకలోకి వస్తే తెలుగులోనే వచ్చేది. కన్నడ కుటుంబాలు విఠలాచార్య మోహినుల మాటలు తెలుగులోనే విన్నాయి. 'ఆప్తమిత్ర'లో దెయ్యం తెలుగు మాట్లాడితే బెంగుళూరు జనానికి వెంటనే అర్థం కావడానికి ఇదీ ఒక కారణం అయి ఉంటుంది. డబ్బింగ్ సీరియళ్ల కాలంలో నాగినులూ పిశాచాలూ ఇంటింటా ఆ ఇంటి భాషే మాట్లాడుతున్నాయి. ఇది మంచిదా చెడ్డదా అంటే రెండూ. పొరుగు భాష చెవిన పడటం తగ్గింది. దానితోపాటు పొరుగు భాష అంటే దెయ్యం భాష అనే మాటా తగ్గింది.

ఈ మధ్యలో ఒక చిత్రం నన్ను ఆలోచింపజేసింది. 2022లో వచ్చిన 'కాంతార'. రిషబ్ శెట్టి తీసిన ఆ కన్నడ చిత్రం అక్టోబరులో తెలుగులోకి వచ్చింది. అందులోని పంజుర్లి, గుళిగ తుళునాడు దైవాలు. వాళ్లను అక్కడ భూతాలనీ అంటారు, దైవాలనీ అంటారు, రెండూ భక్తితోనే. ఆవేశం వచ్చిన మనిషి ఊరి తగవులు తీరుస్తాడు, భూమి ఎవరిదో చెబుతాడు. తెలుగులో మాటలన్నీ మార్చారు గానీ ఆ చివరి కేకను మార్చనక్కరలేకపోయింది. విఠలాచార్య పుట్టింది ఆ భూతాల నేలమీదనే. ఆయన దెయ్యాలు అంత చనువుగా ఇంట్లో తిరగడానికి ఆ పెంపకం కారణమేమో అని నా ఊహ.

మాట పుట్టుకే ఇందుకు సాక్ష్యం. మన 'దెయ్యం' సంస్కృతంలోని 'దైవం' నుంచి వచ్చిన తద్భవం. పాత తెలుగులో దయ్యమంటే దేవుడనే అర్థం కూడా ఉంది. బ్రౌన్ నిఘంటువులో రెండు అర్థాలూ కనిపిస్తాయి. కన్నడంలో అదే మాట 'దెవ్వ' అయి మనలాగే భయపెడుతున్నది. తుళువులు ఒక్కరే దాన్ని దైవంగానే ఉంచుకున్నారు. మూడు ఇరుగుపొరుగు భాషల్లో ఒకే మాట ఒకచోట పూజ, రెండుచోట్ల భయం. దెయ్యం దానంతట అది దెయ్యం కాదు, మనం పిలిచే తీరును బట్టి అవుతుంది.

*

దెయ్యానికి భాష వచ్చుననే నమ్మకం మన గోడల మీద కూడా రాసి ఉండేది. కర్ణాటకలో తలుపుల మీద 'నాళె బా', తెలుగు ఊళ్లలో 'ఓ స్త్రీ రేపు రా'. రాత్రి వచ్చి పిలిచే ఆడదెయ్యం అది చదువుకుని వెళ్లిపోతుందట, మర్నాడు మళ్లీ వస్తే మళ్లీ అదే చదువుతుందట. 2018లో వచ్చిన హిందీ 'స్త్రీ' ఈ నమ్మకం మీదనే నడిచింది. దాన్ని రాసినవాళ్లు రాజ్, డీకే - చిత్తూరు, తిరుపతి వైపువాళ్లు. చదువుకున్న దెయ్యం, పైగా రాసిన మాటను గౌరవించి వెనుదిరిగే దెయ్యం అనే సంగతిని ఆ సినిమా చక్కగా నవ్వులాటకు వాడుకుంది. మనకు మరో ప్రశ్న మిగిలింది. బీదరు తలుపు మీద ఏ లిపిలో రాయాలి? తెలుగులో రాస్తే కన్నడ దెయ్యం లోపలికి వస్తుందా? ఉర్దూలో రాస్తే కుడినుంచి చదువుతుందా? నవ్వులాటకే అంటున్నా గానీ, ఇందులో ఒక మర్యాద ఉంది. ఊరివాళ్లు దెయ్యాన్ని తమ భాష చదవగలిగినదిగా లెక్కపెట్టారు. సినిమాలా పరాయిదాన్ని చేయలేదు.

బీదరు దగ్గర ఝరణి నరసింహస్వామి గుడి ఉంది. సొరంగంలాంటి గుహలో నడుముదాకా, ఒక్కోచోట ఛాతీదాకా నీళ్లలో నడిచి పోతేగాని దర్శనం కాదు. స్థలపురాణం ఇట్లా చెబుతుంది. హిరణ్యకశిపుణ్ణి చంపిన తర్వాత నరసింహుడు ఇక్కడ ఝరాసురుణ్ణి సంహరించాడు. ప్రాణం పోయే ముందు ఆ రాక్షసుడు, స్వామీ నువ్వు ఈ గుహలోనే ఉండాలి, నేనూ నీ దగ్గరే ఉండాలి అని అడిగాడు. స్వామి ఒప్పుకున్నాడు. రాక్షసుడు నీరై ఆయన పాదాల దగ్గర పారుతున్నాడు. తెలుగు, కన్నడ, మరాఠీ భక్తులంతా ఆ నీళ్లలోంచే పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని నడుస్తారు. రాక్షసుణ్ణి తాకకుండా దేవుణ్ణి చూడటం అక్కడ వీలుకాదు. నాగవల్లిని మోసపుచ్చి వెళ్లగొట్టిన కథకూ, ఝరాసురుడికి గుడిలోనే చోటిచ్చిన కథకూ ఎంత దూరం!

దెయ్యాల కథ రాయాలనుకునేవాళ్లు మన పత్రిక పాఠకుల్లోనూ ఉంటారు. వాళ్లకు నా సూచన ఒకటే. దెయ్యం ముఖాన్ని ఎట్లాగైనా వర్ణించండి. భాష దగ్గర మాత్రం జాగ్రత్త పడండి. మీ దెయ్యం చేత బీదరు తెలుగు మాట్లాడించండి, మధ్యలో రెండు కన్నడ మాటలు, ఒక ఉర్దూ తిట్టు పడినా ఫరవాలేదు. దాన్ని వదిలించడానికి వచ్చేవాడూ ఆ భాషే మాట్లాడాలి. చూసేవాళ్లకు ఒక పరీక్ష చెబుతాను. ఈసారి టీవీలో దెయ్యాల సినిమా వస్తే అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. దెయ్యం పలికే మాట ఎవరి ఇంటి మాటో గుర్తుపట్టండి. పక్కన పిల్లలుంటే వాళ్లనూ అడగండి, వాళ్లు చెప్పే జవాబు రాసి పంపండి.